జాజ్ వెంట నడిచిన టేపు

జాజ్‌లో పాట ఒక సాకు మాత్రమే. ఆ పాటను పట్టుకుని శాక్సాఫోన్ వాయించేవాడో, ట్రంపెట్ ఊదేవాడో అప్పటికప్పుడు అల్లేదే అసలు సంగీతం. మన కచేరీల్లో మనోధర్మం అంటామే, ఇంచుమించు అదే. నిన్న రాత్రి వాయించింది ఇవాళ రాత్రి రాదు. స్టూడియోలో చేసిన రికార్డు దీనికి సరిపోయేది కాదు. పాతకాలపు 78 రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. క్లబ్బులో అదే పాట పావుగంటైనా సాగేది. అందుకే యంత్రమే క్లబ్బుకు రావాల్సి వచ్చింది.

మొదట వచ్చింది టేపు కాదు, డిస్కు. 1938 జనవరి 16న న్యూయార్క్ కార్నెగీ హాలులో క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ బృందం వాయించినప్పుడు, వేదిక మీద వేలాడదీసిన మైకు నుంచి వచ్చిన ధ్వనిని డిస్కుల మీదికి ఎక్కించారు. అవి పన్నెండేళ్లు మూలన పడి, 1950లో ఎల్పీలుగా బయటికొచ్చాయి. 1941లో జెర్రీ న్యూమన్ అనే కొలంబియా యూనివర్సిటీ విద్యార్థి, డిస్కులు కోసే యంత్రాన్ని హార్లెంలోని మింటన్స్ ప్లేహౌస్‌కు మోసుకెళ్లాడు. అక్కడ గిటార్ వాయిస్తున్న చార్లీ క్రిస్టియన్ మరుసటి ఏడాదే, పాతికేళ్లకే పోయాడు. ఆయన తీరుబడిగా, పొడుగ్గా వాయిస్తే ఎలా ఉండేదో ఇవాళ మనకు తెలుస్తోందంటే ఆ కుర్రాడి చలవే.

టేపు పుట్టింది జర్మనీలో. 1928లో ఫ్రిట్స్ ఫ్లాయ్‌మర్ కాగితపు పట్టీకి ఇనుప పొడి పూసి పేటెంటు తీసుకున్నాడు. ఏఈజీ కంపెనీ 1935లో మాగ్నెటోఫోన్ యంత్రాన్ని బెర్లిన్‌లో ప్రదర్శించింది. యుద్ధం ముగిశాక జాక్ ముల్లిన్ అనే అమెరికన్ సైనికాధికారి అలాంటి యంత్రాలు రెండు ఇంటికి తెచ్చుకుని, బాగుచేసి, 1946లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంజనీర్లకు వినిపించాడు. 1948కల్లా ఆంపెక్స్ కంపెనీ అమెరికాలోనే టేపు యంత్రాలు తయారుచేసింది.

ఆ రోజుల్లో డీన్ బెనెడెట్టి అనే వాయిద్యకారుడికి శాక్సాఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ అంటే పిచ్చి. 1947లో డిస్కుల మీద, 1948లో కాగితపు టేపు మీద పార్కర్‌ను రికార్డు చేశాడు. పార్కర్ వంతు ముగిసి మరొకరు అందుకోగానే యంత్రం ఆపేసేవాడు. ఆ తునకలన్నీ 1990లో సీడీల పెట్టెగా వచ్చాయి. ఇక ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ న్యూయార్క్ సిక్స్త్ అవెన్యూలో తాను ఉన్న పాత భవనానికే మైకులు బిగించాడు. అక్కడికి వాయించడానికి వచ్చేవాళ్ల సంగీతం, మాటలు, మెట్ల మీది అడుగులు 1957 నుంచి 1965 వరకు 1,740 రీళ్లలో నిండాయి.

1968 అక్టోబరులో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో హైస్కూల్లో పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ కచేరీ జరిగింది. పియానో శ్రుతి చేయిస్తాను, బదులుగా రికార్డు చేసుకోనివ్వండి అన్నాడు బడిలో ఊడ్చే ఉద్యోగి. ఆ టేపు 2020లో ఆల్బంగా విడుదలైంది.

ఇవన్నీ బరువైన డిస్కు, స్పూల్ యంత్రాల కథలు. 1963 ఆగస్టులో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ చూపించిన క్యాసెట్ వేరే జాతిది. బెల్జియంలోని హాసెల్ట్‌లో లూ ఒటెన్స్ బృందం తయారుచేసిన వస్తువది. జేబులో పట్టాలి అన్నదే ఆయన షరతు. చెక్క ముక్కను కోసి, తన కోటు జేబులో పెట్టి చూసుకుని కొలత ఖాయం చేశాడు. మొదట్లో అది మాటలు రికార్డు చేసుకోవడానికే తప్ప సంగీతానికి కాదు.

కారణం లెక్కల్లోనే ఉంది. స్టూడియో టేపు కనీసం 6.35 మిల్లీమీటర్ల వెడల్పుతో, తరచుగా సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంతో నడిచేది. క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, వేగం 4.76 సెంటీమీటర్లు. సన్నటి టేపు నెమ్మదిగా నడిస్తే వెనక బుసబుస పెరుగుతుంది, పై స్థాయి ధ్వనులు నలుగుతాయి. జాజ్‌కు ఊపిరి లాంటిది డ్రమ్మర్ సింబల్ మీద ఆపకుండా వేసే తాళం. క్యాసెట్ మొదట దెబ్బతీసేది దాన్నే.

ఈ లోపాన్ని మూడు విషయాలు చాలావరకు సరిదిద్దాయి. బుసను తగ్గించే డాల్బీ బి పద్ధతి, క్రోమియం పూత టేపు, మంచి మోటార్లు. 1973లో నాకామిచి 1000 డెక్కు వచ్చాక స్పూల్‌తో పోల్చి మాట్లాడటం మొదలైంది. వెంట తీసుకెళ్లగల క్యాసెట్ రికార్డర్లు, 1978లో సోనీ టీసీ-డీ5, 1982లో వాక్‌మన్ ప్రొఫెషనల్ వచ్చాయి. భుజాన సంచీ, రెండు మైకులు, బ్యాటరీలు ఉంటే చాలు, క్లబ్బులో ముందు వరస బల్లే స్టూడియో అయింది.

ఇప్పటికీ ఆ యంత్రాలను వెతికి కొని, బెల్టులు మార్చి, హెడ్డు శుభ్రం చేసి వాడేవాళ్లున్నారు. వాళ్లకు తెలిసిన కిటుకులు పాతవే. సింబల్ నలగకుండా లెవెల్ కాస్త తగ్గించాలి. సీ-120 టేపు మరీ పల్చన, చుట్టుకుపోతుంది గనక సీ-90 మేలు. నలభై అయిదో నిమిషానికి వైపు మార్చాలి, ఆ సమయానికి సోలో మధ్యలో ఉండకూడదని కోరుకోవాలి. అన్నిటికంటే ముందు వాయించేవాళ్ల అనుమతి అడగాలి. పియానో విద్వాంసుడు బిల్ ఎవాన్స్‌ను న్యూయార్క్ క్లబ్బు విలేజ్ వ్యాన్‌గార్డ్‌లో ఒక అభిమాని ఏళ్ల తరబడి చాటుగా రికార్డు చేశాడు. 1996లో అవి ఎనిమిది సీడీలుగా వచ్చాయి. సంగీతం మిగిలింది, కానీ అడగలేదన్న మాటా మిగిలింది.

ధ్వని నాణ్యతలో క్యాసెట్ నేటి చిన్న డిజిటల్ రికార్డర్‌కు సాటి రాదు. అది వెచ్చగా వినిపిస్తుందనే మాటలో పాతదన్న మమకారం పాలే ఎక్కువ. దాని గొప్ప వేరే చోట ఉంది. కంపెనీలు పట్టించుకోని రాత్రులను మామూలు మనుషులు దాచగలిగారు. మన దగ్గరా రసికులు కచేరీలను ఇలాగే క్యాసెట్లలో దాచుకున్నారు. టేపు శాశ్వతం కాదు. పూత రాలుతుంది, జిగురు వదులుతుంది, ఆడించే యంత్రాలు అరుదవుతున్నాయి. మీ ఇంట్లో అలాంటి క్యాసెట్ ఉంటే, మొదట దాని వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి, పొరపాటున చెరిగిపోదు. తర్వాత మంచి డెక్కు ఉన్నవాళ్ల చేత ఈ ఏడాదే డిజిటల్‌లోకి మార్పించుకోండి.