రేచుకుక్క తలకి ఇనాం కట్టిన రోజులు

ఆఫ్రికా గడ్డిమైదానాల్లో గుంపుగా వేటాడే అడవి కుక్కల వీడియోలు మీ ఫోన్లో చూసే ఉంటారు. అలా వేటాడేది మన దగ్గరా ఉంది, పేరు రేచుకుక్క. ఖమ్మం దాటి పాల్వంచ, కిన్నెరసాని, భద్రాచలం వైపు వెళ్తే వచ్చే అడవులు దాని సీమే.

ఎర్రటి ఒళ్లు, నల్లటి కుచ్చుతోక. దీని పిలుపు ఈల! అడవిలో చెల్లాచెదురైన గుంపు ఆ ఈలతోనే మళ్లీ కలుస్తుంది.

బ్రిటిష్ షికారీలకి ఇదంటే పడలేదు. ఎందుకంటే వాళ్లు కొట్టాలనుకున్న దుప్పుల్ని ఇది ముందే తినేస్తోంది. పైగా బతికుండగానే పీక్కుతింటుందని "క్రూర జంతువు" అన్నారు. చంపి తెస్తే ఇనాం ఇచ్చారు. 1895లో వచ్చిన కిప్లింగ్ రెండో జంగిల్ బుక్‌లో మోగ్లీ మీదికొచ్చే ఎర్రకుక్కలు కూడా దక్కన్ నుంచి వచ్చినవే. అంటే విలన్‌ది మన ఏరియానే!

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఇనాం పోయింది, రక్షణ వచ్చింది. కానీ ఈలోపే చాలా పోయాయి. అడవి తగ్గింది, ఊరకుక్కల జబ్బులు అంటుకుంటున్నాయి. ఇప్పుడు ప్రపంచం మొత్తంలో ఎదిగినవి 2,500 కూడా లేవని అంచనా. మన దేశంలో పులులే 3,000 దాటాయి!

పులికి అందరూ జై కొడతారు. దీనికి కొట్టేవాళ్లేరి? ఆలోచించండి ఫ్రెండ్స్.