కత్తిరించి అతికించిన కలలు

పొద్దున్నే లేచి, రాత్రి ఒక కలొచ్చిందండీ అంటే ఇంట్లో వినేదెవరు? లండన్‌లో బి.బి.సి. రేడియో విన్నది! 1964లో బారీ బర్మాంజ్ అనే రచయిత మామూలు మనుషుల చేత వాళ్ళ కలలు చెప్పించి, ఆ టేపులు డీలియా డెర్బీషైర్‌కిచ్చాడు.

కేంబ్రిడ్జిలో లెక్కలూ, సంగీతమూ చదివిన మనిషి. 1959లో ఉద్యోగానికి వెడితే, స్టూడియోలో ఆడవాళ్ళని పెట్టుకోమంది డెక్కా రికార్డుల కంపెనీ. 1940లో కొవెంట్రీ మీద బాంబులు పడుతుంటే మోగిన సైరన్లే తన సంగీతానికి మూలమని చెప్పేది. అప్పటికామెకి మూడేళ్ళు.

ఆ టేపుల్ని బ్లేడుతో కోసి, ఒకరి మాట పక్కన ఇంకొకరి మాట అతికించింది. పరుగెత్తే కలలన్నీ ఒకచోట, కిందికి పడిపోయేవన్నీ ఒకచోట. ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది, వెనక సన్నటి మోత. ఎవరి కల ఎవరిదో తెలియదు గానీ, భయం మాత్రం మనదే అనిపిస్తుంది.

సింథసైజర్లు ఇంకా బజారుకి రాని రోజులు. ఆకుపచ్చ రేకు లాంప్‌షేడుని కొట్టి, టేపు వేగం మార్చి ఆ మోతనే స్వరాలుగా వాడుకునేది. మనమేమో వంటింట్లో గిన్నె మోగితే విసుక్కుంటాం!

ఇంత చేసినా, ఆ రోజుల్లో పేరు ఆమెది కాదు, ఆమె పనిచేసే వర్క్‌షాపుదే. 2001లో ఆమె పోయాక అటక మీద 267 టేపులు దొరికాయి. చాలావాటికి చీటీలు ఊడిపోయి ఉన్నాయి.