ఉక్కునగరం గోడకు ఆవల: గాజువాకలో బాలల ఆటస్థలాలు

‘వాక’ అంటే ఏరు. పేరులో ఏటిని నిలుపుకొన్న గాజువాక నేడు జాతీయ రహదారికి ఇరువైపులా విస్తరించిన పారిశ్రామిక పట్టణం. విశాఖ ఉక్కు చరిత్ర సాధారణంగా ఉద్యమం, ఉత్పత్తి, నిర్వాసితుల ఉద్యోగాల చుట్టూ సాగుతుంది. బాలల ఆటస్థలం ఆ చరిత్రలో అప్రధానంగా తోచవచ్చు. కాని ఊరుమ్మడి నేల ఎవరి అధీనంలోకి ఎలా వెళ్ళిందో తెలుసుకోవడానికి అది మంచి ఆధారం.

తెలుగు పల్లెలో ఆటకంటూ ప్రత్యేకించిన స్థలం ఉండేది కాదు. నూర్పిళ్ళు ముగిసిన కళ్ళం, వేసవిలో ఎండిన చెరువు, గుడి ముందరి ఖాళీ ఆ అవసరం తీర్చేవి. కోతికొమ్మచ్చికి కొమ్మలున్న చెట్టు కావాలి, చెడుగుడుకు మెత్తని నేల కావాలి, కర్రాబిళ్ళకు బిళ్ళ ఎగిరిపడేంత దూరం కావాలి. రెవెన్యూ దస్త్రాలలో ఈ నేల పోరంబోకుగానో, ఒక రైతు సొంత భూమిగానో నమోదైంది, ఆటస్థలంగా కాదు. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. నాడు అమలులో ఉన్న 1894 నాటి భూసేకరణ చట్టం భూమికి, చెట్టుకు, పైరుకు, కట్టడానికి వెల కట్టగలిగింది. చెరువులో ఆడుకొనే అలవాటుకు పట్టాదారు లేడు. కనుక పరిహారమూ లేదు. పల్లెలు ఖాళీ అయినప్పుడు ఈ నష్టం ఏ లెక్కలోనూ చేరకపోవడానికి కారణం అధికారుల నిర్లక్ష్యం అనడం కన్న చట్టం వాడిన భాష అనడమే సబబు.

కర్మాగారంతోపాటు ఉక్కునగరం వెలసింది. క్రీడామైదానాలు, ఉద్యానాలు, బడులు, నీడనిచ్చే వీధులు అక్కడ ప్రణాళికలోనే ఉన్నాయి. ఇది మెచ్చదగిన నిర్మాణమే. అయితే ఈ వసతి బాలునికి ఊరివాడైనందున గాక, తండ్రి ఉద్యోగి అయినందున దక్కింది. గోడకు ఈవలి కాలనీలలో అదే వయసు పిల్లలకు మిగిలింది వీధి. వాహనాలు పెరిగేకొద్దీ వీధిలో మొదట చెరిగిపోయేవి తొక్కుడుబిళ్ళ గీతలు. క్రికెట్టు ఆడే బాలురు మరొక ఖాళీ స్థలం వెదుక్కుంటూ కొంతదూరం పోగలరు, బాలికలకు ఆ స్వేచ్ఛ తక్కువ. గాజువాక వినోదచరిత్రలో కిశోర బాలికల జాడ పలుచగా ఉండడానికి ఇదొక కారణం కావచ్చు.

తీరం సంగతీ అంతే. గంగవరంలో 2009 నుంచి నౌకాశ్రయం పనిచేస్తున్నది. నగరపు వినోదస్థలాలలో జంతుప్రదర్శనశాల (1977), కైలాసగిరి, కురుసురా జలాంతర్గామి ప్రదర్శనశాల (2002) గాజువాకకు దూరంగా, నగరానికి ఆవలి వైపున ఉన్నాయి. అవి సెలవునాటి విహారానికి చాలుతాయి గాని, రోజూ సాయంకాలం ఆటకు పనికిరావు.

74వ రాజ్యాంగ సవరణ ఉద్యానాలను, ఆటస్థలాలను పన్నెండవ షెడ్యూలులో చేర్చి పురపాలన సంస్థలకు అప్పగించదగిన విషయాలుగా గుర్తించింది. 2005లో గాజువాక పురపాలక సంఘం మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనమైంది. లేఅవుట్లలో పదిశాతం ఖాళీస్థలం విడవాలన్న నియమం ఉన్నా, అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించేటప్పుడు లోపించిన స్థలానికి బదులు రుసుము స్వీకరించారు. ఇళ్ళు లేచిన వీధిలో ఆ సొమ్ము మళ్ళీ నేలగా మారడం కష్టం. మిగిలినది బడి ఆవరణ. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని నిర్దేశించింది. బడి విడిచిన తరువాత ఆ గేటు ఇరుగుపొరుగు పిల్లలకు తెరవాలా అన్న విషయం మాత్రం ఆ షెడ్యూలులో లేదు.