మూడు కట్టుబాట్లు: తెలుగు పల్లెల్లో క్రైస్తవ సాధన

తెలుగు క్రైస్తవ సంఘాల పుట్టుక గురించి రాసినవాళ్లు సాధారణంగా రెండు కథల్లో ఒకటి చెబుతారు. ఒకటి భక్తుల కథ. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, మరో ముగ్గురు విశ్వాసులు మోకరించి ప్రార్థించారనీ, ఆ ప్రార్థన ఫలంగానే పాతికేళ్ల తర్వాత వేలమంది రక్షణలోకి వచ్చారనీ చెబుతుంది. రెండోది ఆక్షేపించేవాళ్ల కథ. 1876–78 నాటి ధాత కరువులో కూటికోసం జనం మతం మార్చుకున్నారనీ, వాళ్ల విశ్వాసానికి లోతు లేదనీ అంటుంది. పైకి ఈ రెండూ ఎదురెదురు కథలు. లోపల మాత్రం రెండింటికీ ఒకటే లోపం. మొదటి కథలో ప్రార్థించేది దొర, రెండో కథలో అన్నం పెట్టేదీ దొరే. నమ్ముకున్న మాదిగ కుటుంబం తనంతట తాను చేసిన పనంటూ రెండింట్లోనూ ఏదీ కనిపించదు.

అసలు చరిత్ర ఆ కుటుంబం చేసిన పనిలోనే ఉందని నా అభిప్రాయం. ఆత్మీయ సాధన అనగానే మనకు ఏకాంత ప్రార్థన, ఉపవాసం, వాక్య ధ్యానం గుర్తుకొస్తాయి. పల్లెల్లో తొలితరం విశ్వాసులు నేర్చిన సాధన రూపం వేరు. అందుకే అది సాధనగా ఎవరి లెక్కలోకీ రాలేదు.

తొలి దశలు తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అపొస్తలుల తర్వాతి తరాల నాటి 'దిదాఖే' అనే చిన్న గ్రంథమే బుధ, శుక్రవారాల్లో ఉపవాసం ఉండమనీ, ప్రభువు నేర్పిన ప్రార్థన రోజుకు మూడుసార్లు చేయమనీ చెప్పింది. ఈజిప్టు ఎడారుల్లో ఆంథోనీ వంటి తపస్వులు, ఆరో శతాబ్దంలో మఠాలకు నియమావళి రాసిన బెనెడిక్టు, 1548లో అచ్చయిన ఇగ్నేషియస్ లొయోలా 'ఆత్మీయ అభ్యాసాలు' ఆ దారిలో మైలురాళ్లు. సంస్కరణ ఉద్యమం సాధనలను తోసిపుచ్చిందనే మాట సరికాదు. 1529 నాటి లూథర్ చిన్న ప్రశ్నోత్తరిలో ఉదయం, సాయంత్రం ఇంటిల్లిపాదీ చేయాల్సిన ప్రార్థనలున్నాయి. మఠంలో ఉన్నదాన్ని ఆయన ఇంట్లోకి తెచ్చాడు. జర్మనీలోని హాలె నగరపు భక్తి ఉద్యమం నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1720ల్లో మద్రాసులో తెలుగు నేర్చి బైబిలు అనువాదానికి పూనుకున్నాడు. ఆయన తెలుగు ప్రశ్నోత్తరి 1746లో హాలెలో అచ్చయింది. అయితే పుస్తకం ఉన్నంత మాత్రాన సరిపోదు, చదివేవాళ్లు కావాలి. ఆ తర్వాత నూరేళ్లు గడిచినా పల్లెల్లో వాళ్లు అరుదే.

ఇక వివాదం ఉన్న కాలానికి వద్దాం. 1866లో మిషనరీ జాన్ క్లఫ్ ఒంగోలు చేరేసరికే ఎర్రగుంట్ల పేరయ్య క్రీస్తు మాట విని ఉన్నాడు. ఒంగోలుకు పడమరగా దూరాన ఉన్న తాళ్లకొండపాడు ఆయన ఊరు. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. క్రీస్తు మాట వినడానికి ముందే ఆయన ఒక స్త్రీ గురువు దగ్గర యోగం అభ్యసించాడు. విగ్రహాలను వదిలి, నిరాకారుడైన ఒకే దేవుణ్ణి ధ్యానించే గురు సంప్రదాయాలు ఆనాడు ఆ ప్రాంతపు మాదిగ, మాల పేటల్లో బలంగా ఉండేవి. క్లఫ్ భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లఫ్ వృద్ధ బోధకుల నోట ఈ సంగతులు విని, 1899లో ఒక పుస్తకంగా వెలువరించింది. 1867 జనవరిలో క్లఫ్ తాళ్లకొండపాడు వెళ్లి 28 మందికి బాప్తిస్మమిచ్చాడు. వాళ్లను అంతవరకు సిద్ధం చేసింది పేరయ్యే. అంటే సాధన అనేది ఆ పేటకు కొత్త కాదు. కూర్చుని ధ్యానించడం, గురువు మాట కంఠస్థం చేయడం, నియమానికి కట్టుబడటం ఎరిగినవాళ్లే క్రీస్తు దగ్గరికి వచ్చారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పేరయ్య గురించి మనకు తెలిసిందంతా మిషనరీ కుటుంబం కలం గుండా వచ్చింది. పాత మార్గం కొత్త మార్గానికి నిచ్చెన మాత్రమే అన్న ఉద్దేశం ఆ రచనలో ఉంది. పేరయ్యే రాసి ఉంటే ఇంకోలా రాసేవాడేమో. అయినా ఆ పుస్తకం లేకపోతే మన చేతిలో ఈ మాత్రం కూడా ఉండేది కాదు.

కొత్తగా నమ్మినవాళ్లకు క్లఫ్ పెట్టిన కట్టుబాట్లు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చూడటానికి ఇవి చిన్న నిషేధాలు. కానీ ఆనాటి ఊరి కట్టడిలో పెట్టి చూస్తే ఒక్కొక్కటి ఎంత బరువో తెలుస్తుంది. మాదిగకు రోజు తనది కాదు. కోతల్లో, నాట్లలో, మోటకు తోలు తెగినప్పుడు కామందు పిలిస్తే వెళ్లాలి. ఏడు రోజుల్లో ఒక రోజు నాది, నా దేవుడిది అనడమంటే ఊరి పెత్తనాన్ని కాదనడమే. చచ్చిన పశువు మాదిగకు దక్కే హక్కు, అదే ఆకలి కాలంలో ఆధారం. దాన్ని వదులుకోవడం ఉపవాసాలన్నిటికన్నా కఠినమైన ఉపవాసం. ఇక విగ్రహాలకు మొక్కకపోవడమంటే అమ్మవారి జాతరలో డప్పు కొట్టననడం. కొట్టకపోతే ఊరి పెద్దలకు కోపం, దెబ్బలు, వెలి, పనులు పోవడం. ఇవన్నీ ఆ తరం ఎదుర్కొంది.

చరిత్రకారులు వీటిని మిషనరీ క్రమశిక్షణ అని ఒక పేరాలో తేల్చేస్తారు. నేను వీటిని ఆత్మీయ సాధన అంటాను. సాధనకు కావలసిన లక్షణాలన్నీ వీటిలో ఉన్నాయి. వారం వారం తిరిగి చేయాల్సినవి, శరీరానికి నొప్పి కలిగించేవి, ఒంటరిగా కాక పేటంతా కలిసి పాటించేవి. ఆదివారం పని మానిన ప్రతిసారీ ఆ మనిషికి తాను ఎవరి మనిషో మళ్లీ తెలిసేది. విశ్వాసం పెరిగిన దారి అదే.

అయితే ఈ కట్టుబాట్లకు చెల్లించిన మూల్యం ఒకటుంది, దాన్ని దాచకూడదు. డప్పును విగ్రహారాధనతో ముడిపెట్టడం వల్ల ఒక జాతి తన కళను తానే తప్పుగా చూసే పరిస్థితి వచ్చింది. దొర పెట్టిన నియమాన్ని దొర మెప్పుకోసం పాటించిన సందర్భాలూ ఉండే ఉంటాయి. ఇవి నా వాదాన్ని కొంత తగ్గిస్తాయి, కొట్టివేయవు.

కరువు సంగతి. 1876–78 కరువులో క్లఫ్ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూలికోసం మతం మారారనే నింద రాకూడదని దాదాపు పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. కాలువ పని ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు ప్రభావం లేదని నేననను. తమ దేవతలు కాపాడని కాలంలో మనిషి కొత్త ఆశ్రయం వెతకడం సహజం. కానీ తవ్వకాల దగ్గర కూలీల మధ్య కూర్చుని బోధించింది తాళ్లకొండపాడు వంటి ఊళ్లలో పదేళ్లుగా ఈ మూడు కట్టుబాట్లతో నలిగిన తెలుగు బోధకులే. 1933లో పికెట్ అనే అమెరికన్ మెథడిస్టు భారతదేశపు సామూహిక ఉద్యమాలపై ప్రచురించిన పరిశీలనలో తెలుగు ప్రాంతాలూ ఉన్నాయి. ఏ ఉద్దేశంతో వచ్చారన్నదానికన్నా, బాప్తిస్మం తర్వాత ఎలాంటి శిక్షణ, ఆరాధన దొరికాయన్నదే విశ్వాసం నిలవడానికి ముఖ్యమని అది తేల్చింది. కూటికోసం మారినవాళ్లనే అర్థంలో వాడే 'గంజి క్రైస్తవులు' అనే మాటకు ఇంతకన్నా గట్టి జవాబు నాకు కనపడలేదు.

చదువురాని సంఘానికి వాక్య ధ్యానం పాట ద్వారా అందింది. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు రాగతాళాలతో కూర్చినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో నేటికీ పాట మీద రాగం పేరు ఉంటుంది. భజనకు అలవాటుపడిన చెవికి అవి వెంటనే పట్టాయి. తర్వాత 1912లో దోర్నకల్ బిషప్పయిన వి.ఎస్. అజరయ్య ఈ దారినే పద్ధతిగా మలిచాడు. పొలం నుంచి వచ్చాక పల్లెలో సాయంకాల ప్రార్థన, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు కంఠస్థం, పంట కానుకల పండుగ. అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి పెట్టే స్త్రీల అలవాటు కూడా ఈ వరసలోనిదే. లేనివాడు ఇవ్వడం నేర్చుకునే సాధన అది. బాప్తిస్మం పొందినవాడు తలమీద చేయి పెట్టుకుని సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని పలకాలన్నది కూడా అజరయ్య నియమమే.

ఇరవయ్యో శతాబ్దపు మిగతా కథ చాలామందికి తెలుసు. 1938లో మొదలైన ముంగమూరి దేవదాసు గారి బైబిలు మిషను దైవసన్నిధిలో కనిపెట్టుకొని ఉండటానికి పెద్దపీట వేసింది. భక్త్ సింగ్ గారి హెబ్రోను సంఘాలు రాత్రంతా ప్రార్థనలను, పరిశుద్ధ సమావేశాలను అలవాటు చేశాయి. రెండూ బలమైన ప్రవాహాలే. రెంటిలోనూ సాధన మళ్లీ ప్రార్థన గదిలోకి తిరిగొచ్చింది, పొలం గట్టు మీద తగ్గింది.

ఈనాటి పరిస్థితి నాకు తృప్తి కలిగించడం లేదు. 21 రోజుల ఉపవాస ప్రార్థన, శుక్రవారం కూడిక, యూట్యూబులో తెల్లవారుజాము ఆరాధన అన్నీ జోరుగా సాగుతున్నాయి. అయితే ఎక్కువ చోట్ల ఉపవాసం ఉద్యోగానికో, వీసాకో, స్వస్థతకో విన్నపంగా మారింది. అడగడం తప్పు కాదు. కానీ అడగడానికే పరిమితమైన ఉపవాసం మనిషిని మార్చదు. చదువుకున్న యువతకు రిచర్డ్ ఫోస్టర్ 1978లో రాసిన పుస్తకం వంటివి దారి చూపుతున్నాయి. మంచి పుస్తకం, నేను గౌరవిస్తాను. ఆయన చెప్పిన పన్నెండు సాధనల్లో ఏకాంతం, నిరాడంబరత ఉన్నాయి. ఒకే గదిలో ఎనిమిది మంది ఉండే పేటలో ఏకాంతం ఎక్కడిది? ఏమీ లేనివాడికి నిరాడంబరత సాధనగా ఎలా చెబుతాం? అలాంటి పేటల్లోనే మన పూర్వులు విశ్వాసంలో ఎదిగారు, ఆ ఎదిగిన తీరు ఆ పన్నెండులో ఇమడదు. మరోవైపు, ఆదివారం తమ పొలంలోకి కూలీని పిలిపించుకుని తాము ఆరాధనకు వెళ్లే విశ్వాసులు ఈనాడు మన సంఘాల్లో ఉన్నారు. తాతలు దెబ్బలు తిని సంపాదించిన విశ్రాంతి దినం అది.

బైబిలు కళాశాలల్లో ఆత్మీయ సాధన పాఠం ఈజిప్టు ఎడారితో మొదలై అమెరికాలో ముగుస్తోంది. అందులో తాళ్లకొండపాడుకు చోటివ్వండి. సంఘకాపరులు తమ ఊళ్లలో మిగిలిన పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల ఇళ్లలో ఏ కట్టుబాటు ఎలా పాటించారో, దానికి ఏం పోగొట్టుకున్నారో రాసిపెట్టాలి. ఆ తరం మాట విన్నవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమందే ఉన్నారు.