ఉద్దానం వలస కార్మికులు: ఆదాయపు పన్ను
పలాస, టెక్కలి, ఉద్దానం తీరం నుంచి గల్ఫ్‌కు వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్ల పన్ను సంగతి ప్రధానంగా రోజుల లెక్కతో తేలుతుంది. ఏప్రిల్ నుంచి మార్చిలోగా స్వదేశంలో 182 రోజుల కంటే తక్కువ ఉన్నవారు సాధారణంగా ప్రవాసులే. అక్కడ పనిచేసి అక్కడే అందుకున్న జీతానికి ఇక్కడ పన్ను లేదు. 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చినా ఈ రోజుల లెక్క మారలేదు. ఆ రోజులకు రుజువు కాబట్టి, రాకపోకల ముద్రలున్న పాత పాస్‌పోర్టు పారేయకూడదు.

ప్రవాసులు విదేశీ సంపాదన జమచేసుకునే ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి పన్ను లేదు. స్వదేశంలో వచ్చే రాబడి జమచేసుకునే ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీలో మాత్రం బ్యాంకు 30 శాతం, పైన సెస్సు కోస్తుంది. సొంత జీడి, కొబ్బరి తోటల రాబడి వ్యవసాయ ఆదాయం కాబట్టి మినహాయింపే. ఇంటి అద్దెకు ఆ మినహాయింపు లేదు. అసలు చిక్కు స్థలం అమ్మకంలో. అమ్మేది ప్రవాసి అయితే, ధర 50 లక్షల లోపైనా కొనేవారు పన్ను మినహాయించి కట్టాలి. కోత తగ్గాలంటే అమ్మేవారు ముందుగానే ఆదాయపు పన్ను అధికారి నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు.