ఒక బావి లెక్క, వేల బావుల లెక్క

ఈసారి నూనె చరిత్ర. వంటనూనె కాదు, భూమిలోంచి తీసే ముడి చమురు.

రిజర్వాయర్ అనగానే మనకు డ్యామ్ వెనక నీళ్లు గుర్తొస్తాయి. చమురు అలా చెరువులా నిలిచి ఉండదు. తడి ఇసుకలో నీరు ఉన్నట్టు, ఇసుకరాయిలోని సన్నని రంధ్రాల్లో ఉంటుంది. అక్కడికి దిగి ఎవరూ చూడలేరు. అందుకే బావుల లెక్కలు ముఖ్యం. రోజుకు ఎంత చమురు వచ్చింది? ఎంత నీరు, ఎంత గ్యాస్ వచ్చాయి? అడుగున పీడనం, అంటే ప్రెషర్, ఎంత ఉంది?

ఈ లెక్కల విలువ తూర్పు టెక్సస్‌లో బాగా తెలిసింది. 1930 అక్టోబరులో డాడ్ జాయినర్ అనే 70 ఏళ్ల ఆయన, డైజీ బ్రాడ్‌ఫర్డ్ అనే ఆమె పొలంలో తవ్విన మూడో బావిలో చమురు పడింది. డిసెంబరులో కిల్గోర్ దగ్గర ఇంకొకటి, జనవరిలో లాంగ్‌వ్యూ దగ్గర మరొకటి పడ్డాయి. మొదట మూడూ వేరు వేరు అనుకున్నారు. మధ్యలో తవ్వుతూ పోతే అంతా ఒకటే అని తేలింది. దాదాపు 45 మైళ్ల పొడవున ఒకే ఇసుకరాయి పొర!

అప్పటి న్యాయం ప్రకారం నీ బావిలోంచి వచ్చిన చమురు నీదే, అది పక్కవారి నేల కింద నుంచి వచ్చినా సరే. మన ఊళ్లలో పక్క పొలంలో లోతుగా బోరు వేస్తే మన బోరు ఎండిపోతుంది కదా, అలాంటిదే. కాబట్టి ఎవరికి వారు తొందరగా తోడేశారు. 1931 వేసవికి పీపా, అంటే బ్యారెల్, ధర కొన్నిసార్లు 10, 15 సెంట్లకు పడిపోయింది. ఆగస్టు 17న గవర్నర్ రాస్ స్టెర్లింగ్ సైనిక పాలన విధించి, నేషనల్ గార్డ్‌ను పంపి బావులు మూయించారు.

చిన్న యజమానులకు కోపం వచ్చింది. స్టెర్లింగ్ గారు హంబుల్ ఆయిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరు. పెద్ద కంపెనీలు ధర పెంచుకోవడానికే ఇదంతా చేస్తున్నాయని వాళ్లు అనుమానించారు. ఫెడరల్ కోర్టు కూడా ధర కోసం చమురు తీయడాన్ని తగ్గించడం కుదరదని చెప్పింది. చమురు నిజంగా వృథా అవుతోందని చూపించాలి.

ఆ రుజువు బావుల లెక్కల్లోనే ఉంది. తన బావిని మాత్రమే చూసే యజమానికి చమురు బాగానే పొంగుతున్నట్టు ఉండేది. చాలా బావుల లెక్కలు పక్కపక్కన పెడితే వేరే సంగతి తెలిసింది. మొదట్లో చదరపు అంగుళానికి 1,600 పౌండ్లకు పైగా ఉన్న పీడనం తగ్గుతూ వస్తోంది. ఎక్కువ తోడితే త్వరగా పడుతోంది, బావులు మూస్తే కొంత పెరుగుతోంది. ఉప్పునీరు ముందుగా పడమటి అంచు బావుల్లో వచ్చింది.

అంటే పడమటి వైపు నుంచి నీరు వచ్చి చమురును తోస్తోంది. ఆ నీరు నెమ్మదిగా కదులుతుంది. దానికంటే వేగంగా తోడితే పీడనం పడిపోతుంది, చమురులో కరిగిన గ్యాస్ విడిపోతుంది, చాలా చమురు రాయిలోనే మిగిలిపోతుంది. ఎంత తోడితే పీడనం ఎంత మారుతుందో 1930ల మధ్యలో హంబుల్ ఇంజనీర్లు షిల్తుయిస్, హర్స్ట్ గణితంతో చూపించారు.

టెక్సస్‌లో చమురు నియంత్రణ రైల్‌రోడ్ కమిషన్ పని. పేరులో రైలు ఉన్నా చమురూ వాళ్లదే! ఏ బావి ఎంత తీయాలో వాళ్లు నిర్ణయించారు. దొంగచాటుగా తీసిన చమురును వేరే రాష్ట్రాలకు పంపకుండా 1935లో కేంద్ర చట్టం వచ్చింది. 1942లో, చమురుతోపాటు వచ్చే ఉప్పునీటిని తిరిగి అదే పొరలోకి పంపడానికి ఒక కంపెనీ పెట్టారు. అంతకుముందు వాగుల్ని పాడుచేసిన నీరు ఇప్పుడు పీడనాన్ని నిలబెట్టింది.

ఆ క్షేత్రం ఇప్పటిదాకా 500 కోట్ల పీపాలకు పైగా ఇచ్చింది. 1931లో ఎవరి పుస్తకంలో చూసినా వాళ్ల బావి బాగానే ఉంది. పుస్తకాలన్నీ కలిపి చదివినప్పుడే నష్టం కనిపించింది. పోట్లాడుకుంటూనే అయినా, వాళ్లు సమయానికి కలిపి చదివారు.