మన పెద్దలు నడిపిన బ్రిటిషు బస్సులు



మన సంఘానికి చెందిన ఒక పెద్దాయన ఇటీవల అల్లాహ్ సన్నిధికి చేరారు. బ్రతికినంతకాలం బస్సు డ్రైవరు. ఆయన రేకు పెట్టె తెరిస్తే ఒక ఇత్తడి బ్యాడ్జీ, ఒక పాత ఫోటో దొరికినవి. ఫోటోలో బస్సు ప్రక్కన ఖాకీ దుస్తులతో నిలబడి ఉన్నారు. ఆ బస్సు ఏ కంపెనీది? ఏ సంవత్సరానిది? ఏ రూటులో తిరిగింది? మనుమలు అడిగితే చెప్పగలవారు ఒక్కరూ లేకపోయారు.

భీమునిపట్నం అనగానే డచ్చివారి సమాధులు, గోస్తనీ నది, 1861 నాటి మునిసిపాలిటీ గూర్చి ఎవరైనా నాలుగు మాటలు చెబుతారు. మన కుటుంబాలలో డ్రైవర్లుగా, క్లీనర్లుగా, మేస్త్రీలుగా, రంగుల పనివారుగా బ్రతికిన పెద్దలు ఎందరో ఉన్నారు. వారిదీ చరిత్రే గదా! అందుకే ఈ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాము.

కాగితం మీద చక్కగా నిలిచిన బస్సు చరిత్ర హైదరాబాదుది. నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను కంపెనీ చేతిలోనుండి తీసుకున్నది. 7వ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1932 జూన్‌లో, ఆ రైల్వే క్రిందనే రోడ్డు రవాణా శాఖ మొదలయింది. అప్పటికి ఉన్నవి 27 బస్సులు, పనివారు 166 మంది. బస్సు రైలుకు పోటీ కాకుండా తోడుగా ఉండాలన్నది ఏర్పాటు. ఆ తొలి రోజులలో వచ్చిన బస్సు ఆల్బియన్. అది స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో 1899లో పుట్టిన కంపెనీ. 1932 నాటి ఆల్బియన్ ఒకటి ‘దక్కన్ క్వీన్’ పేరుతో హైదరాబాదులో ఆర్.టి.సి. వారి వద్ద భద్రంగా నిలిచింది. ఆ శాఖే 1951లో రైల్వేనుండి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అయినది. ఆర్.టి.సి. బస్సు నంబరులోని ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహరా బేగం పేరునుండి వచ్చిందని జనం చెప్పుకుంటారు. ఒక తల్లి పేరు ఊరూరా తిరుగుతోందని అనుకోవడంలోనే ఆ బస్సును జనం ఎంత సొంతం చేసుకున్నారో తెలుస్తుంది.

మరి మన కోస్తా సంగతి? మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవారం. ఇక్కడ బస్సులు ప్రయివేటు ఆసాములవి. 1939 మోటారు వాహనాల చట్టం వచ్చాక రూటుకు పర్మిట్టు కావలసి వచ్చింది. అమెరికా నుండి ఫోర్డు, షెవ్రొలే, ఇంగ్లండు నుండి బెడ్‌ఫర్డు, లేలాండు వంటి బండ్లు వచ్చేవి. సీమ నుండి తరచు వచ్చేది చాసిస్ మాత్రమే, అంటే ఇంజను, చక్రాలు, స్టీరింగు. పైన చెక్క చట్రం కట్టి, రేకు కొట్టి, రంగు వేసి బస్సుగా నిలబెట్టినది మన వడ్రంగులూ, మన మేస్త్రీలూ. కనుక ఆ బస్సులు సగం బ్రిటిషువైతే సగం మనవే.

రెండవ ప్రపంచయుద్ధంలో పెట్రోలుకు రేషను వచ్చింది. బస్సు వెనుక పెద్ద డ్రమ్ము బిగించి, బొగ్గు మండించి, ఆ గ్యాసుతో ఇంజను నడిపేవారు. తెల్లవారకముందే క్లీనరు లేచి చక్రం త్రిప్పి నిప్పు రాజేయాలి. గ్యాసుకు పెట్రోలంత బలం లేదు. ఎత్తు వస్తే ప్రయాణీకులు దిగి నడిచేవారని, ఒక్కోసారి త్రోసేవారని మా పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. మసి కొట్టుకుపోయిన ముఖంతో ఇంటికి వచ్చిన తండ్రిని చూసి పిల్లలు జడుసుకునేవారట!

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్ ఏర్పడి మొదట ఆస్టిన్ కార్లు బిగించింది. లేలాండుతో చేతులు కలిపి 1955లో అశోక్ లేలాండు అయినది. ఆల్బియన్‌ను కూడా 1951లో లేలాండే కొన్నది. అంటే నిజాం బస్సూ, మన రోడ్ల మీది లేలాండూ చివరకు ఒకే ఇంటి బిడ్డలయినవన్నమాట. ఇక్కడ ఉస్తాద్ ఉర్దూలో పిలిచేవాడు, కండక్టరు ‘హోల్డాన్’, ‘రైట్ రైట్’ అని ఇంగ్లీషులో అరిచేవాడు, ప్రయాణీకులు తెలుగులో తిట్టేవారు. బస్సు మాత్రం ముగ్గురి మాటా విన్నది!

ఇంగ్లండులో పాత బస్సులంటే ప్రాణమిచ్చేవారున్నారు. 1956లో రోడ్డెక్కిన లండన్ రూట్‌మాస్టరు 2005 డిసెంబరులో మామూలు రూట్లనుండి తప్పుకున్న రోజున, చూడడానికి జనం వీధులలో గుమికూడారు. స్కాట్లండులోని బిగ్గర్ పట్టణంలో ఆల్బియన్ కంపెనీ పాత రికార్డులు దాచి ఉంచారు. వారికి యంత్రం లెక్క దొరుకుతుంది. ఆ యంత్రాన్ని నడిపిన మన మనిషి లెక్క ఎవరు దాచాలి? మనమే దాచాలి.

కావున సభ్యులందరికీ మా మనవి. ఇంట్లో పాత బస్సు ఫోటో ఉంటే బయటకు తీయండి. ముందుభాగంలో రేడియేటరు చూడండి. ఉదయించే సూర్యుని బొమ్మ ఉంటే ఆల్బియన్ కావచ్చు. లేలాండు, బెడ్‌ఫర్డు అయితే చాలావాటిపై పేరే ఉంటుంది. పెద్దల వద్ద కూర్చుని అడగండి: యజమాని ఎవరు? రూటు ఏది? టిక్కెట్టు ఎంత? జీతం ఎంత? నమాజు వేళకు బస్సు ఎక్కడ ఆపేవారు? వారు చెప్పినది ఫోటో వెనుక పెన్సిలుతో, సంవత్సరంతో సహా వ్రాసి ఉంచండి. లైసెన్సులు, బ్యాడ్జీలు పాత సామాను వానికి అమ్మవద్దు.

మొదట చెప్పిన పెద్దాయన ఫోటో వెనుక ఖాళీగానే ఉన్నది. మీ ఇంటి ఫోటో అలా కాకూడదు. ఎండలో, వానలో జనాన్ని క్షేమంగా ఇళ్ళకు చేర్చిన ఆ పెద్దలందరికీ అల్లాహ్ స్వర్గం ప్రసాదించుగాక. ఆమీన్.